చెఱలోని కథకులు



స్నాతకోత్సవమునకు పిలువబడిన వక్త విజయగాథలు కొన్ని వల్లించి, పరిశ్రమింపుడని హితవు పలికి, కరతాళధ్వనుల నడుమ కూర్చుండుట వాడుక. ఆ వాడుకను నేడు కొంత అతిక్రమించుచున్నాను. చెఱసాలయందున్నవారును, చెఱ వీడి వచ్చినవారును తమ కథను తామే చెప్పుకొనుటను గూర్చి, విశేషించి చలనచిత్రరూపమున చెప్పుకొనుటను గూర్చి మీతో ముచ్చటింపదలచితిని. శుభవేళ ఈ ప్రస్తావన యేల యని పెద్దలు నొచ్చుకొందురేమో! కడప కేంద్ర కారాగారము వాకిట ములాఖత్తు కొఱకు వరుసలో నిలిచిన బంధువు ఒక్కడును లేని కుటుంబములు ఈ సభలో ఎన్ని యుండునని ఎవరికి వారు తలపోసికొన్నచో ఆ నొచ్చుకోలు కొంత తగ్గగలదు.

చలనచిత్రకళ మన ప్రాంతమునకు పరాయిది కాదు. పులివెందుల తాలూకా కొత్తపల్లెలో 1908లో జన్మించి, మదరాసు చేరి, వాహినీ సంస్థ పేరిట ‘వందేమాతరం’ మొదలుకొని ‘మల్లీశ్వరి’ వంటి చిత్రములను తెలుగువారికి ప్రసాదించి, 1974వ సంవత్సరమునకు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమందిన బి.ఎన్. రెడ్డి గారు మనవారు. 1950ల నడుమ వారు తీసిన ‘బంగారు పాప’ను మీలో ఎందఱు చూచితిరో యెఱుగను. జార్జి ఇలియట్ అను ఆంగ్ల రచయిత్రి నవల ‘సైలస్ మార్నర్’ దానికి మూలము. పాలగుమ్మి పద్మరాజు గారు రచనయందు తోడ్పడిరి. మూలకథయందలి నేతగాడు దొంగతనపు నిందకు గుఱియై ఊరు విడిచిపోయినాడే గాని చెఱకు పోలేదు. తెలుగు తెరపై అతడు కమ్మరి కోటయ్యగా మాఱి, చెఱ యనుభవించి, ప్రతీకారమే ఊపిరిగా తిరిగివచ్చి, దిక్కులేని పసిపాపను చేరదీసికొని మెత్తబడినాడు. ఎస్.వి. రంగారావు గారు ఆ పాత్రకు ప్రాణము పోసిరి. చెఱనుండి వచ్చినవాడు ప్రతినాయకుడు గాక, మన జాలికి మాత్రమే పాత్రుడును గాక, కథకు నడిబొడ్డున నిలువదగిన మనుష్యుడని పులివెందుల సీమ బిడ్డ యొకడు ఏనాడో తలచినాడన్న మాట.

నలువది యేండ్లు గడచిన పిమ్మట మన సీమ మరల తెరకెక్కినది. 1997లో ‘ప్రేమించుకుందాం రా’, 1999లో ‘సమరసింహారెడ్డి’ విజయము పొందినది మొదలు, కొండలను, కోటలను, నాపరాతి గోడలను చూపుచు, వేటకొడవళ్లు ఝళిపించుచు వచ్చిన చిత్రములకు లెక్కలేదు. వానియందు చెఱసాల యనగా ఒక తలుపు మాత్రమే. పెద్ద ఇనుప తలుపులోని చిన్న తలుపు తెఱచుకొనును, నాయకుడు వెలుపలికి వచ్చును, తెల్ల సుమోలు బారులు దీరి యుండును, వాద్యములు మ్రోగును. ఆ తలుపునకు లోపల గడచిన పండ్రెండేండ్లో పదునాలుగేండ్లో అర నిమిషమున ముగిసిపోవును. రేయెల్ల దీపమాఱని బ్యారక్కులో మనిషికి నిద్ర యెట్లు పట్టినది, తొలియేండ్లలో తప్పక వచ్చిన భార్య రానురాను ఏల రాకపోయినది, ఒడిలో విడిచివెళ్లిన కొడుకు మీసములు మొలచినవాడై యెదుట నిలిచి ‘నాయనా’ యని పిలుచుటకు ఏల తడబడినాడు, నాయకుని మాటకై కొడవలి పట్టిన కూలివాడు లోపలనుండగా ఆ నాయకుని పంచె నలగక మిగులుట యెట్లు సంభవించినది — ఇవి యేవియు ఆ చిత్రములకు పట్టలేదు. తీసినవారిని మాత్రమే నిందింపబోను. తెలిసినవారు చెప్పలేదు, చెప్పువారికి తావు నొసగినవారును లేరు.

తెలుగునాట చెఱకును కథకును గల చుట్టఱికము ప్రాచీనము. మన కడప సీమలోని తాళ్లపాకలో పుట్టిన అన్నమాచార్యులు, రాజు తనపై పాట కట్టుమనగా నిరాకరించి సంకెలల పాలైన వృత్తాంతమును, ఆ సంకెలలు పాటకు వీడిపోయిన మహిమను మనుమడు చిన్నన్న ద్విపదలో చెప్పియున్నాడు. గోలకొండ చెఱలో కంచెర్ల గోపన్న పాడిన కీర్తనలనెఱుగని తెలుగిల్లు లేదు. 1908లో రాజద్రోహ నేరముపై శిక్షింపబడి వేలూరు చెఱకేగిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు కర్నూలు బిడ్డ. అదే వేలూరు చెఱలో ఉన్నవ లక్ష్మీనారాయణ గారు ‘మాలపల్లి’ని వ్రాయగా, ప్రభుత్వము దానిని నిషేధించినది. వీరందఱు వందనీయులు. అయినను ఒక భేదమును మీరు గుర్తింపవలెను: వీరు కలముతోనో తంబురతోనో లోనికి పోయినవారు. చెఱ వారిని కథకులను చేయలేదు. కథకులను చెఱ పట్టుకొన్నది. ప్రక్క గదిలో దొంగతనమునకో, హత్యకో శిక్ష అనుభవించుచు, సంతకమైనను చేయనేరని వాని మాట యేమి?

ఈ ప్రశ్నకు చెవియొగ్గినవారిలో వట్టికోట ఆళ్వారుస్వామి గారిని మఱువరాదు. నిజాము పాలన చివరి దినములలో ఇందూరు కోటలోని చెఱయందు దాశరథి కృష్ణమాచార్యులు గారు గోడపై బొగ్గుతో పద్యములు వ్రాసిన సంగతి ప్రసిద్ధము. ఆ చెఱలోనే తోడుగానున్న ఆళ్వారుస్వామి గారు గోడవైపు గాక తోటి ఖైదీలవైపు తిరిగిరి. రాజకీయ ఖైదీలకు సాధారణముగా కంటగింపైన ఆ దొంగలను, హంతకులను, అమాయకులను కూర్చుండబెట్టి, వారు చెప్పినది విని, ‘జైలు లోపల’ యను కథాసంపుటి వెలువరించిరి. పండితులు దానిపై ఎక్కువగా చర్చింపలేదు గాని, నా మట్టుకు అది ఆయన నవల ‘ప్రజల మనిషి’కి తీసిపోనిది.

చలనచిత్రరంగమునకు వచ్చినచో, స్నేహలతారెడ్డి గారి కథ గుండెను పిండును. నెల్లూరివాడైన కవి, ‘ఫిడేలు రాగాల డజన్’ కర్త, పఠాభి యని ప్రసిద్ధుడైన తిక్కవరపు పట్టాభిరామరెడ్డి గారి అర్ధాంగి ఆమె. 1970లో ఆయన దర్శకత్వము వహించిన కన్నడ చిత్రము ‘సంస్కార’లో చంద్రిగా నటించినది. అత్యవసర పరిస్థితి కాలమున, 1976 మే నెలలో, ఆమెను నిర్బంధించి బెంగుళూరు కేంద్ర కారాగారమున ఉంచిరి. ఉబ్బస రోగి. ఎనిమిది నెలలు గడచినవి. 1977 జనవరి 15న పెరోలుపై విడిచిరి. 20న ఆమె కన్నుమూసినది. లోపలనుండగా వ్రాసికొన్న దినచర్య తరువాత అచ్చయినది; దశాబ్దముల పిమ్మట డాక్యుమెంటరీగాను మాఱినది. తన వేదనతోపాటు, చుట్టునున్న పేద స్త్రీఖైదీల యవమానములను గూడ ఆ దినచర్య లెక్కించినది. తెరపై పరకథను నటించిన స్త్రీకి తన కథను తెరకెక్కించు గడువు మాత్రము దొరకలేదు. ఆ చెఱసాల నేడు ఫ్రీడం పార్కను ఉద్యానము.

గడువు దొరకినవాడు తుర్కీ దేశపు యిల్మాజ్ గునే. ఆ దేశమున మహానటుడై, దర్శకుడై వెలుగుచు, ఒక న్యాయాధిపతిని కాల్చిచంపిన నేరముపై 1970లలో దీర్ఘశిక్షకు గుఱియైనాడు. లోపలినుండియే దృశ్యము వెంట దృశ్యముగా చిత్రానువాదము వ్రాసి పంపగా వెలుపలనున్న మిత్రులు చిత్రములు తీసిరి. వానిలో ‘యోల్’ అనునది షెరిఫ్ గోరెన్ చేతిమీదుగా తయారైనది. గునే 1981లో చెఱనుండి తప్పించుకొని ఐరోపా చేరి, దానిని తానే కూర్చగా, మఱుసటి యేడు కాన్ చిత్రోత్సవమున అత్యున్నత పురస్కారమును మఱియొక చిత్రముతో కలిసి పంచుకొన్నది. స్వదేశమున అది 1999 దాక తెరకెక్కలేదు. ఇంతకు దాని కథ యేమి? కొన్నాళ్ల సెలవుపై ఇండ్లకు పోయిన ఐదుగురు ఖైదీలు. వారు ఇల్లు చేరుసరికి చెఱసాల వారికన్న ముందే అచ్చటికి చేరియున్నది: కుటుంబమర్యాద పేరిట, పగ పేరిట, ఊరివారి చూపుల పేరిట. పెరోలుపై తొండూరు వైపో, ముద్దనూరు వైపో బస్సు దిగిన మనిషిని ఎఱిగినవారికి ఈ చిత్రమునకు వ్యాఖ్యానమక్కఱలేదు. లోపలనున్నవాడు గాక మఱియొకడు ఆ కథను ఆ విధముగా తలపెట్టజాలడని నా నమ్మకము.

ఇచ్చట ఒక ఆక్షేపమును దాటవేయుట ధర్మము కాదు. గునే చంపిన న్యాయాధిపతికిని ఇల్లుండును గదా? మన సీమలోను చెఱకు పోయినవాని వెనుక, వాని చేత కూలిన వాని యిల్లొకటి యుండును. ఆ యింటి వితంతువు సినిమాకు పోయి, తన భర్తను నఱికినవాని కన్నీళ్లు చూడవలెనా? ఈ ప్రశ్నకు నా కడ తేలికయైన సమాధానము లేదు. ఒక్కటి మాత్రము చెప్పగలను: నేరము చేసినవాడు కథ చెప్పుట వేఱు, నిర్దోషినని వాదించుకొనుట వేఱు. కథలో అబద్ధమాడినవానిని శ్రోతలు ఇట్టే పట్టుకొందురు. మఱియు చెఱలోనున్నవారందఱు దోషులును కారు. 2022 నాటి ప్రభుత్వపు లెక్కలలో దేశపు చెఱలయందున్న 5,73,220 మందిలో నూటికి 75 మందికి మించి విచారణ ముగియనివారే. వారి కథకు తీర్పే రాలేదు. మనమెట్లు ముగింపు వ్రాయుదుము?

కలకత్తాలో 2007 ప్రాంతమున అలకనందా రాయ్ అను నర్తకి ప్రెసిడెన్సీ కారాగారపు ఖైదీలచేత రవీంద్రుని ‘వాల్మీకి ప్రతిభ’ ఆడించినది. అందు వాల్మీకి వేషము వేసిన నైజెల్ అక్కర విడుదలయై, 2012లో ‘ముక్తధార’ యను వంగ చిత్రమున నాయకుడైనాడు. బోయ ఋషియైన కథను బోయ చేతనే ఆడించుట ఎంత సమంజసము! కాని ఆ చిత్రమునకు కథయు దర్శకత్వమును అన్యులవి. అమెరికాలో సింగ్‌సింగ్ చెఱ పేరిటనే వచ్చిన ఇటీవలి చిత్రము ఇంకొక యడుగు వేసినది. చెఱలో నాటకములాడి విడుదలైనవారే అందు పెక్కుమంది తమ పాత్రలను తామే ధరించిరి. వారిలో ఇద్దఱు కథారచయితలుగా ఆస్కారు పరిశీలనకెక్కిరి. ప్రధాన నటుడు మొదలు చిన్న సహాయకుని దాక వేతనమొక్కటే. పేరు, పైకము రెండును కథ చెప్పినవానికి ముట్టినవన్న మాట. కళాతత్త్వమును గూర్చి ఎంత చెప్పినను నాకు అన్నిటికన్న ఈ లెక్కయే ముఖ్యముగా తోచుచున్నది.

స్నాతకులారా, మీలో కొందఱు పత్రికలకు, కొందఱు న్యాయవాదమునకు, కొందఱు హైదరాబాదు స్టూడియోలకు పోదురు. కెమెరాతో చెఱలోనికి పోదలచినవారు ముందుగా తెలిసికొనవలసినది యొకటి కలదు. తీహారు చెఱలో ఒక దోషిని మాటలాడించి తీసిన విదేశీయుల డాక్యుమెంటరీపై 2015లో వివాదము రేగగా, కేంద్ర హోంశాఖ ఆ యేటనే రాష్ట్రములకు సూచనలు పంపినది: ప్రభుత్వానుమతి, లక్ష రూపాయల ధరావతు, చిత్రించినదానిని చెఱ యధికారులు పరిశీలించుట. భద్రతకు అవసరమైనవే కావచ్చును. విద్యార్థి జేబుకు లక్ష మాత్రము బరువే. కాని యీ కట్టడులన్నియు వెలుపలివాడు లోనికి పోవుటకు సంబంధించినవి. శిక్ష ముగించుకొని వచ్చినవారు ప్రొద్దుటూరు అంగళ్లలో మూటలు మోయుచు, ఎఱ్ఱగుంట్ల గనులలో రాయి కొట్టుచు మీ మధ్యనే యున్నారు. వారితో కూర్చుండుటకు ధరావతు కట్టనక్కఱలేదు. ఫోను కెమెరా వారి చేతికిచ్చుడు. వారు తీసినది ముందుగా వారికే చూపుడు. పది నిమిషముల చిత్రమైనను చాలును. సుమోల సంభాషణలు వారి నోట పెట్టకుడు. పేర్ల పట్టికలో ‘కథ’ యను చోట చెప్పినవాని పేరు వేయుడు. అతడు వలదన్నచో తీసివేయుడు. పెండ్లికెదిగిన కూతురు ఇంటనున్నవాడు తన పేరు దాచుమని యేల వేడుకొనునో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తాలూకాల బిడ్డలకు ఒకరు చెప్పవలసిన పని లేదు.