స్క్రూ పన్ను పెట్టించుకున్నారా?



పన్ను ఊడితే మన పెద్దలు అలాగే ఊరుకునేవారు. తర్వాత కట్టుడు పళ్లు వచ్చాయి. రాత్రిపూట తీసి గ్లాసు నీళ్లలో వేసుకునేవి. ఇప్పుడు ఇంప్లాంట్ వచ్చింది. కొందరు స్క్రూ పన్ను అంటారు. టైటానియం అనే లోహంతో చేసిన చిన్న మరను దవడ ఎముకలో బిగిస్తారు. ఎముక ఆ మరను గట్టిగా పట్టుకోవాలి. అందుకు మామూలుగా 3 నుంచి 6 నెలలు పడుతుంది. తర్వాత దాని మీద పన్ను తొడుగుతారు. 1965లో స్వీడన్ దేశంలో బ్రోనెమార్క్ అనే డాక్టరు మొదటిసారి ఒక మనిషికి టైటానియం మరలు పెట్టారు.

చాలామందికి ఇది ఏళ్ల తరబడి పనిచేస్తుంది. కొందరికి చెడుతుంది.

పెట్టిన కొత్తలో నొప్పి, వాపు ఉంటాయి. రెండు మూడు రోజులకు తగ్గుముఖం పట్టాలి. తగ్గకుండా పెరిగినా, జ్వరం వచ్చినా ఆగొద్దు. మర్నాటికి కూడా పెదవి, గడ్డం మొద్దుబారి ఉంటే వెంటనే డాక్టరుకు చెప్పండి. మర నరాన్ని ఒత్తుతూ ఉండొచ్చు.

ఇంకొక సంగతి. మన సొంత పంటికి నరం ఉంటుంది. పుచ్చితే జివ్వుమంటుంది. మరకు నరం లేదు. చుట్టూ ఎముక కరిగిపోతున్నా నొప్పి రాకపోవచ్చు. "నొప్పి లేదు కదా" అని కూర్చోకూడదు. అద్దం పట్టుకుని వెలుగులో చూసుకోండి. చిగురు ఎర్రగా ఉబ్బిందా? తోముకుంటే నెత్తురు వస్తోందా? చీము, చెడు వాసన ఉన్నాయా? చిగురు తగ్గిపోయి లోపలి మర కనిపిస్తోందా? చిగురు వాపు ఒక్కటే ఉన్నప్పుడు వెళ్తే శుభ్రం చేస్తారు, నయమవుతుంది. ఎముక కరిగాక వెళ్తే కష్టం.

పన్ను కదులుతోందా? పైనున్న తొడుగు వదులైతే డాక్టరు మళ్లీ బిగిస్తారు. ఎముకలోని మరే కదిలితే తీసేయాల్సి వస్తుంది. ఏది కదులుతోందో మనకు తెలియదు. నాలుకతో కదపొద్దు. అటువైపు నమలొద్దు.

మా పక్క వీధి పెద్దమ్మ చీము వస్తున్నా నాలుగు నెలలు దాచింది. "కొడుకు అప్పు చేసి పెట్టించాడు. పాడైందని ఏ నోటితో చెప్పేది?" అంది. చివరికి మర తీసేశారు. డబ్బు పోయింది, పన్నూ పోయింది. ఖర్చయిందని మన ఆడవాళ్లమే ఇలా సిగ్గుపడతాం. డబ్బు తీసుకుని పెట్టిన డాక్టరును అడగడానికి సిగ్గెందుకమ్మా?

మందుల షాపులో అడిగి రెండు బిళ్లలు మింగితే వాపు తగ్గినట్టే ఉంటుంది. లోపలి జబ్బు పోదు.

సుగరు అదుపులో లేనివాళ్లకు, పొగాకు వాడేవాళ్లకు ఈ మర చెడే భయం ఎక్కువ. శ్రీకాకుళం, విశాఖ వైపు కొందరు అమ్మలు అడ్డపొగ తాగుతారు. తిట్టడానికి చెప్పడం లేదు. డాక్టరు దగ్గర మాత్రం దాచకండి. ఎముకలు గుల్లబారకుండా మందు వాడుతుంటే అదీ ముందే చెప్పండి.

మెత్తని బ్రష్‌తో రెండు పూటలా తోముకోండి. నొప్పి లేకపోయినా 6 నెలలకోసారి చూపించుకోండి. మర ఏ కంపెనీదో, ఎంత సైజో, ఏ తేదీన పెట్టారో కాగితం మీద రాసిమ్మని అడగండి. తెలుగులో రాయమనండి. అక్కడే చదివి చూసుకోండి. ఆ కాగితం రేషను కార్డున్న సంచిలో పెట్టుకోండి.