చారల పిల్లిని గూర్చి
(పాఠశాలలో జరిగిన తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



పరీక్షలు, రుసుములు, తెలుగు వాచకములు – వీనిని గూర్చి మాటలాడుటకు మనకు ఏటేటా సభలు గలవు. నేడు పిల్లిని గూర్చి మాటలాడుటకు మీ అనుమతి వేడుచున్నాను. ఇది పరిహాసము కాదు. ఈ యేడు మీలో కొందరు నాయొద్దకు వచ్చి, "అయ్యా, మావాడు పిల్లిని తెచ్చుకొందమని మారాము చేయుచున్నాడు. మీరైనను బుద్ధి చెప్పుడు" అని కోరితిరి. వానికి చెప్పవలసినదానికంటె మనము తెలిసికొనవలసినదే ఎక్కువగా నున్నది.

మన చెన్నపురి వీథులలో తిరుగు పిల్లులలో చారలవే ఎక్కువగా కనబడును. ఆంగ్లమున దీనిని టాబీ యందురు. అది ఒక జాతి పేరని పలువురు తలంతురు. కాదు, అది ఒంటిమీది వన్నెకు పేరు. పూర్వము బాగ్దాదు నగరమున అత్తాబియ్య అను పేటలో అలలవంటి నిగనిగలు గల పట్టు నేసెడివారు. ఆ పట్టు పేరే ఐరోపా భాషలలోనికి పోయి, తుదకు పిల్లికి దక్కినది. మన రైతులు కర్రావు, పుల్లావు, కపిల, బొల్లి, మైల అని పశువులకు వన్నెనుబట్టి ఎన్ని పేర్లు పెట్టిరో చూడుడు! పాడి యియ్యదు గనుక కాబోలు, పిల్లి వన్నెలను ఎవరును అంతగా పట్టించుకొనలేదు.

కొన్నింటికి వెన్నుగీతనుండి ప్రక్కలకు సన్నని చారలు చేప ముండ్లవలె దిగును. ఇదియే మూలరూపము, పెంపుడు పిల్లికి పూర్వికమైన ఆఫ్రికా అడవిపిల్లి ఒంటిమీదను ఇట్టి చారలే గలవు. కొన్నింటికి డొక్కలమీద వెడల్పైన సుడులుండును. కొన్నింటికి చారలు తెగి పొడలుగా మారును. మరికొన్నింటికి ఒంటిమీద చారలే యుండవు. ముఖమునందును కాళ్లయందును మాత్రము మిగులును. అన్నింటికిని నొసట ఆంగ్లాక్షరము ఎమ్ వంటి గీత యుండును. మా ఆరవ తరగతి బాలిక యొకతె దానిని నామమని నిర్ణయించినది. నేను కాదనలేదు.

ఈ సుడులు ప్రాచీనములు కావు. 2017లో ప్రకటించిన ఒక పరిశోధనలో, పురాతన పిల్లుల అవశేషములను పరీక్షింపగా, సుడులకు కారణమైన జన్యుభేదము 14వ శతాబ్దికి ముందరి వానిలో కనబడలేదు. ఆ జన్యువును 2012లో గుర్తించిరి. దానియందలి మార్పే ఆఫ్రికాలోని కొన్ని చిరుతలకు, అనగా చీతాలకు, మచ్చలు కలిసిపోయి పట్టీలగుటకును కారణమని అప్పుడే తేలినది.

చారల పిల్లి రాల్చిన వెండ్రుక నొకదానిని వెలుగునకు పట్టి చూడుడు. ఒకే వెండ్రుకలో నలుపు, పసుపు వంతులవారీగా కనబడును. వెండ్రుకకు ఈ పసుపు వంతు నిచ్చు జన్యువు ఒకటి గలదు. తల్లినుండియు తండ్రినుండియు వచ్చిన ఆ రెండు ప్రతులును పనిచేయనిచో వెండ్రుక మొదటినుండి చివరివరకు నల్లగా పెరుగును. అదియే నల్లపిల్లి. అట్లని చారలు పోలేదు. నలుపులో నలుపుగా దాగినవి. లేత నల్లపిల్లిని ఎండలో నిలిపినచో పలువేళల ఆ చారలు లీలగా కనబడును.

ఇంత వివరముగా చెప్పుటకు కారణము గలదు. గత కార్తికమాసపు వానలలో మన గ్రంథాలయపు మెట్లక్రింద నాలుగు పిల్లిపిల్లలు కనబడినవి. రెండు చారలవి, ఒకటి ఎఱ్ఱది, ఒకటి నల్లది. పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునను సామెత ఉత్తది కాదు. తల్లి ఒక్కొక్కదానినే మోసికొనిపోవుచుండవచ్చును గనుక వెంటనే చేయి వేయరాదు. ఒక పగలు, ఒక రాత్రి దూరమునుండి కనిపెట్టితిమి. తల్లి రాలేదు. పిదప బాలురు వానిని శరణాలయమునకు చేర్చిరి. పెంచుకొనుటకు ముందుకు వచ్చిన మన కుటుంబములవారు చారలవానిని, ఎఱ్ఱదానిని కొనిపోయిరి. నల్లది మిగిలినది. "ప్రొద్దున్నే ఎదురగుననియే గాని మరేమియు లేదండీ" అని వారనిరి. మంచివారే. అయినను అది ఆ చారల పిల్లలకు తోబుట్టువు. ఒక్క జన్యువు తేడా. ఎదురగు నలుపునకు జడిసి దానిని వదలినవారు ఇంటికి తెచ్చుకొన్నదియు అదే చారల పిల్లిని!

ఎఱ్ఱపిల్లి సంగతియు చెప్పెదను. పై నలుపు జన్యువునకు ఎఱుపుమీద ఏలుబడి లేదు; కావున ఎఱ్ఱపిల్లికి చారలు కనబడితీరును. ఎఱుపు జన్యువు ఎక్స్ వర్ణసూత్రముమీద నుండుటచే ఎఱ్ఱవానిలో మగవి హెచ్చు. ఎఱుపు, నలుపు కలసినవి దాదాపు అన్నియు ఆడవి. ఆ జన్యువు ఏదో 2025లో జపాను, అమెరికా శాస్త్రజ్ఞులు వేర్వేరుగా ప్రచురించిరి.

ఇక తెచ్చుకొనువారికి నాలుగు మాటలు. అంగడిలో మూల్యమిచ్చి కొనవలదు. మన నగరముననే 1959లో కెప్టెన్ సుందరముగారు స్థాపించిన బ్లూ క్రాస్ గలదు. ఇతర శరణాలయములును గలవు. వెళ్లినప్పుడు వన్నె చూచి వ్రేలు చూపక, కొంతసేపు కూర్చుండుడు. ఏది దగ్గరకు వచ్చుచున్నది, ఏది బెదరుచున్నది, ఏది చక్కగా తినుచున్నది చూడుడు. తల్లిదండ్రులిరువురు ఉద్యోగములకు పోవు ఇంటికి పిల్లకంటె పెరిగిన పిల్లియే మేలని నా అభిప్రాయము. దాని స్వభావము ముందే తెలియును.

తెచ్చుటకు ముందే అద్దెయింటి యజమాని నడుగుడు. మేడమీద నుండువారు కిటికీలకు జాలి బిగింపుడు. పిచ్చికుక్క రోగము పిల్లివలనను రావచ్చును గనుక మూడవ నెలలో టీకా వేయించుట విధి. గోరు గీసినను, పన్ను దిగినను సబ్బునీటితో పావుగంట కడిగి, వెంటనే వైద్యునియొద్దకు పోవలెను. ఆడపిల్లి అయిదవ నెలకే చూలు కావచ్చును. శస్త్రచికిత్సకు జాగు చేయరాదు. జ్వరమని పారాసిటమాల్ మాత్ర పెట్టినచో అది చచ్చును – అరమాత్రయైనను.

పాల సంగతి వినినచో తల్లులకు ఆశ్చర్యము కలుగును. మన సామెతలన్నింటిలోను పిల్లి పాలు త్రాగుచునే యున్నది. కాని పెరిగిన పిల్లులలో చాలవానికి ఆవుపాలు జీర్ణము కావు, విరేచనములగును. మంచినీరు చాలును. పెరుగన్నముతో మాత్రము పిల్లి బ్రదుకదు. అది కేవలము మాంసాహారి. మాంసమునందలి టారిన్ అను పదార్థము లేనిచో దాని కన్నులు పోవును, గుండె క్షీణించును. శాకాహారపు నియమము గల ఇండ్లవారు ఇది ఆలోచించి, వీలుకాదనుకొన్నచో బిడ్డకు ఇప్పుడే నిజము చెప్పుట మంచిది. పిల్లి పదునైదేండ్లు బ్రదుకవచ్చును. ఆరవ తరగతి బాలుడు తెచ్చిన పిల్లి, వాడు ఉద్యోగమునకు పోయిన పిదప మీ ఒడిలోనే యుండును.

ఆ తరువాత విసుగు పుట్టి గోనెసంచిలో కట్టి ఊరవతల వదలు అలవాటొకటి గలదు. ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును విడిచిపెట్టుట 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. చట్టము మాట అటుండ, సంచి ముడి వేయుచున్నప్పుడు ప్రక్కన నిలిచి చూచునది మన బిడ్డయే.

రానున్న రెండవ శనివారము ఉదయము కొందరు తల్లిదండ్రులతో కలసి నేను శరణాలయమునకు పోవుచున్నాను. వచ్చువారు బుధవారములోగా కార్యాలయమున పేరు వ్రాయింపుడు. మూతగల వెదురుబుట్ట, దానిలో పఱచుటకు ఇంటివారు కట్టి విడిచిన పాతబట్ట తీసికొనిరండు. దారిలోనే మీ వాసన దానికి అలవాటగును. నల్లది నిన్న నేను విచారించునప్పటికి అక్కడనే యున్నది.