శాసనసభ సమావేశమునకు ముందు

శాసనసభ సమావేశము కానున్నదని వార్తలలో విని, శ్రోతలు రాబోవు వాగ్వాదములకై ఎదురుచూతురు. సభ్యుని పనియు ఆ దినముననే ఆరంభమగునని పలువురి ఊహ. నిజమునకు అప్పటికి సగముపని ముగిసియుండవలెను. ముగియనిచో ఆ సభ్యుడు ఎంత బిగ్గరగా మాటలాడినను గోడలకు తప్ప మరెవరికిని తగలదు. ఇతరుల సంగతి యేల? మా సంగతియే చెప్పుకొందుము.

మన రాజ్యాంగము 174వ అధికరణము ననుసరించి ఒక సమావేశమునకును మరొక సమావేశమునకును నడుమ ఆరు మాసములు గడవరాదు. సభను పిలుచుచు గవర్నరుగారి ఉత్తరువు వెలువడిన పిమ్మట మేలుకొన్న సభ్యునికి మిగులు వ్యవధి స్వల్పము. ప్రశ్నలకు ముందుగా నోటీసు ఇయ్యవలెను. నక్షత్రపు గుర్తుగల ప్రశ్నకు మంత్రి సభలో నోటిమాటగా జవాబు చెప్పును. దానిపై అనుబంధ ప్రశ్నలు వేయవచ్చును. గుర్తు లేనిదానికి వ్రాతమూలకమైన జవాబుతో తృప్తిపడవలెను. ప్రశ్నలో వాదన ఉండరాదు, ఎత్తిపొడుపు ఉండరాదు, న్యాయస్థానము విచారణలో నున్న విషయము రారాదు. ఈ నియమములు తెలిసికొనుట ఒక పూట పని. ప్రశ్న వ్రాయుట నేర్చుటకు మాత్రము మాకు చాలకాలము పట్టినది.

మేము తొలిసారి సభ్యులమైనప్పుడు మా నియోజకవర్గములోని రైతులు వచ్చి, చెరువు అలుగు కూలినదనియు, తూము పాడైనదనియు, నీరు నిలుచుట లేదనియు మొరపెట్టుకొనిరి. మేము ఉత్సాహముతో, "మా ప్రాంతపు చెరువులు శిథిలమైన సంగతి ప్రభుత్వమునకు తెలియునా? మరమ్మతులు ఎప్పుడు చేయుదురు?" అని ప్రశ్న పంపితిమి. "తెలియును. నిధుల లభ్యతను బట్టి చేపట్టుదుము" అని జవాబు వచ్చెను. అనుబంధ ప్రశ్న యడుగుటకు మా చేతిలో ఏమియు లేదు. కూర్చుంటిమి. ఆ పిమ్మట ఊరికి పోగా వృద్ధుడైన రైతు ఒకడు, "రేడియోలో మీ పేరు విన్నాం బాబూ. మీరడిగింది మన చెరువు సంగతేనా, లోకంలో ఉన్న చెరువులన్నిటి సంగతా?" అని అడిగెను. ఆ మాటకు మేము కోపగించుకొనలేదు. కోపగించుకొనుటకు తావును లేదు.

మరుసటి సమావేశమునకు ముందు మేము చెరువుకట్టమీద నడచి చూచితిమి. అంచనా వేసిన ఇంజనీరు ఏనాడు వచ్చినదీ, ఆ అంచనా పై కార్యాలయమునకు ఏ తేదీన పోయినదీ విచారించి వ్రాసికొంటిమి. ఈసారి ఒక్క చెరువు పేరు పెట్టి మూడే మాటలు అడిగితిమి: అంచనా అందినదా? పరిపాలనా అనుమతి ఇచ్చితిరా? ఇచ్చినచో టెండరు పిలిచితిరా? అవునో కాదో చెప్పక తీరని ప్రశ్నలివి. అనుమతి ఇచ్చినమాట నిజమే. పని మొదలు కాకమునుపే సంవత్సరము ముగిసినది. మార్చి 31వ తేదీలోగా ఖర్చుకాని సొమ్ము మురిగిపోవును. మా చెరువు సొమ్మును అట్లే మురిగినది. మొదటి ప్రశ్న నాడు ఈ గుట్టు తెలిసియున్నచో ఒక పంట దక్కెడిది.

నాటినుండి బడ్జెటు పుస్తకములు చదువు తీరు మారినది. ఆ పుస్తకముల కట్ట చంటిబిడ్డంత బరువుండును. చంటిబిడ్డవలెనే రాత్రులు నిద్రపోనియ్యదు. ఆర్థికమంత్రి ప్రసంగము వినసొంపుగా నుండును గాని అసలు కథ పట్టికలలో నున్నది. ప్రతి పద్దుకును గడచిన సంవత్సరపు వాస్తవ వ్యయము, నడచుచున్న సంవత్సరపు అంచనా, దానికే సవరించిన అంచనా, రాబోవు సంవత్సరపు అంచనా వరుసగా నుండును. చిన్నతరహా సేద్యమునకు రాబడి వ్యయము 2702 పద్దునందును, మూలధన వ్యయము 4702 పద్దునందును చూడవలెను. అంచనాలో ఘనముగా కనిపించిన అంకె సవరించిన అంచనాలో చిక్కిపోయి, వాస్తవ వ్యయములో మాయమైనచో అక్కడ వ్రేలు పెట్టి అడుగవలెను. కొత్త పుస్తకములు సభలోనే చేతికందును గనుక, ముందుగా చేయదగినది పాత పుస్తకములను, శాసనసభకు సమర్పింపబడిన కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదికలను చదువుట. గత సమావేశమున మంత్రులు చేసిన వాగ్దానములను కూడ ఒక కాగితముపై ఎక్కించుకొందుము. ప్రభుత్వ హామీల సంఘమున్నది గాని, గుర్తుచేయువాడు లేనిదే హామీకి జ్ఞాపకశక్తి తక్కువ.

కోత తీర్మానములను గూర్చి ఒక్కమాట. విధానము నచ్చనిచో పద్దును ఒక్క రూపాయికి తగ్గింపుమనియు, ఒక ప్రత్యేకమైన లోపమును చూపుటకు నూరు రూపాయలు తగ్గింపుమనియు కోరు ఆచారము కలదు. నూరు రూపాయలు మిగిలించుటకు కాదు ఆ నూరు. ఆ పేరిట మాటలాడుటకు. అయినను చర్చకు కేటాయించిన గడువు తీరగానే మిగిలిన పద్దులన్నిటిని చర్చ లేకయే సభాపతి ఓటునకు పెట్టుదురు. దానిని గిలెటిన్ అందురు. కోట్ల రూపాయలు కొన్ని నిమిషములలో మంజూరగును. సిద్ధపడి వచ్చిన సభ్యుని కాగితములును ఒక్కొక్కమారు సంచిలోనే ఉండిపోవును. అందుచేత ఒకే విషయమును ప్రశ్నగాను, కోత తీర్మానముగాను, గవర్నరు ప్రసంగముపై చర్చలో ఒక వాక్యముగాను మూడు చోట్ల సిద్ధపరచుకొందుము. ఒక తలుపు మూసినను మరొకటి తెరచియుండును.

శ్రోతలలో మా వద్దకు అర్జీలు తెచ్చువారికి మనవి. "మాకు అన్యాయము జరిగినది" అను వాక్యము సభలో నిలువదు. సర్వే నంబరు, అర్జీ ఇచ్చిన తేదీ, అందినట్లు కార్యాలయము ఇచ్చిన రసీదు, ఈ మూడును తెచ్చినవారి పని మేము ఆ రాత్రియే ప్రశ్నగా వ్రాయగలము.

మా చెరువు అలుగు గోడ తరువాత కట్టిరి. తూము మాత్రము నేటికిని పాతదే. రానున్న సమావేశమునకు ఆ తూమును గూర్చిన ప్రశ్న నిన్ననే పంపితిమి.