పుస్తకం మూసి చదివే చదువు

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇప్పుడే పంచాంగ శ్రవణంలో ఆదాయవ్యయాలు విన్నాము. చదువులోను ఆ లెక్క ఉన్నది. చదివింది ఆదాయం, మరచింది వ్యయం. పరీక్షనాటికి నిలవ ఎంతన్నదే ప్రశ్న. ఈ యేటి పరీక్షలు ముగిసి పై తరగతి పుస్తకాలు ఇళ్ళకు వస్తున్నవి. కాబట్టి ఇంగ్లీషు సాహిత్య పాఠాలను తిరగవేసుకొనే పద్ధతిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము.

మెట్రిక్యులేషనుతో చదువు ఆపి రైల్వే గుమాస్తా పనిలో చేరినవారము మేము. మీకేమి అర్హత అని అడగవచ్చు. తప్పిన అనుభవమే మా అర్హత. ఆ రోజుల్లో ఇంగ్లీషు నోట్సు ఇరవైసార్లు చదివి కంఠతా పట్టాము. ప్రశ్న కాస్త తిప్పి అడిగేసరికి కలం ఆగిపోయింది. మొదటి తడవ తప్పాము.

కారణం చాలాకాలానికి తెలిసింది. అమెరికాలో రోడిగర్, కార్పికి అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో ఒక పరిశీలన ప్రకటించారు. కొందరు విద్యార్థులు పాఠాన్ని మళ్ళీ చదివారు. కొందరు పుస్తకం చూడకుండా జ్ఞాపకమున్నది వ్రాశారు. ఐదు నిమిషాలకు అడిగితే మళ్ళీ చదివినవారిదే పైచేయి. వారానికి అడిగితే, చూడకుండా వ్రాసినవారికే ఎక్కువ జ్ఞాపకమున్నది!

మా అన్నగారి అమ్మాయి మా ఇంట ఉండి చదువుకొన్నది. షేక్స్పియరు జూలియస్ సీజర్ నాటకం ఆమెకు పాఠ్యం. ఒక రాత్రి పుస్తకం మూయించి, మూడవ అంకం కథ నాయనమ్మకు తెలుగులో చెప్పమన్నాము. మా అమ్మగారికి ఇంగ్లీషు అక్షరం రాదు. సీజరును చంపిన బ్రూటసు జనానికి నచ్చజెప్పి, ఆంటొనీకి మాట అప్పగించి వెళ్ళిపోయాడని పిల్ల చెప్పింది.

"చచ్చినవాడి స్నేహితుడికి సభ అప్పగించి, తాను వెళ్ళిపోవటమేమిటే? వాడు మంచివాడా, తెలివితక్కువవాడా?" అన్నారు మా అమ్మగారు.

పిల్ల తెల్లబోయింది. పదిసార్లు చదివినా ఆ ప్రశ్న తోచలేదు. పుస్తకం తెరచి వెదికింది. ఆంటొనీకి అనుమతి ఇవ్వవద్దని కాషియసు ముందే హెచ్చరించిన మాట కనబడింది. తన న్యాయం జనానికి తెలిస్తే చాలునన్న నమ్మకమే బ్రూటసును ముంచిందని తానే జవాబు చెప్పుకొన్నది. సాహిత్య పరీక్షలో ఎందుకు, ఎట్లా అని అడిగేది ఇటువంటివే గదా.

కనుక పద్ధతి ఇది. ఒక దృశ్యం చదవాలి. పుస్తకం మూసి ఇంట్లో ఎవరికైనా తెలుగులో చెప్పాలి. తరువాత ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఎందుకు అన్నారో ఇంగ్లీషులో సొంత మాటలతో వ్రాయాలి. అప్పుడు పుస్తకం తెరచి తప్పులు దిద్దుకోవాలి. అభిప్రాయం చెప్పినప్పుడెల్లా దానికి ఆధారమైన సంఘటన చూపాలి. మరునాడు, వారం తరువాత, నెల తరువాత మళ్ళీ చూడకుండా వ్రాయాలి. చివరి వారాల్లో గడియారం ఎదుట పెట్టుకోవాలి. రెండు గంటల్లో 80 మార్కులకు వ్రాయవలసిన పేపరైతే, మార్కుకు నిమిషంన్నర మాత్రమే.

ఇందులో మనకు మరొక లాభమున్నది. ఊరు విడిచి వచ్చిన మన ఇళ్ళలో, బడి ఇంగ్లీషుకు తల్లి జంకుతుంది, నాయనమ్మ దూరంగా కూర్చుంటుంది. పిల్లవాడు ఒంటరిగా పుస్తకం ముందు వేసుకొంటాడు. క్రమంగా ఇంట్లో మాటలే తగ్గుతవి. ఇంగ్లీషు రానివారు చదివించలేరనుకోవటం పొరపాటు. వినటానికి, "ఎందుకు?" అని అడగటానికి మన తెలుగు చాలును.

తల్లులారా, ఈ యేడు రోజుకు పావుగంట ఆ పని చేయండి. పిల్లల పాఠమూ నిలుస్తుంది, మన మాటా నిలుస్తుంది.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. సెలవు.