జార్ చక్రవర్తి, నిజాం నవాబు - మన భూమి
(ఎల్.బి.నగర్‌లో కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగం)



మనం కూసున్న ఈ జాగ ఎవరిదంటే ఇయ్యాల ప్లాటు నెంబరు చెప్తరు. 1949 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్న అత్రాఫ్ బల్దా జిల్లా సర్ఫేఖాస్ కింద ఉండేది. సర్ఫేఖాస్ అంటే నవాబు సొంత ఖర్చుకు పెట్టుకున్న భూమి. రాజ్యంలో దాదాపు పదో వంతు అదే. పక్కన సరూర్‌నగర్‌లో నవాబుల మహలే విక్టోరియా మెమోరియల్ అనాథల హోమ్ అయింది. మెట్రో స్టేషనుకు కూడా ఆ పేరే పెట్టిండ్రు.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1911లో గద్దెనెక్కిండు. ఆయన పేరెత్తితే రెండు పార్టీలు లేస్తయి. ఉస్మానియా యూనివర్సిటీ పెట్టిండు, గండిపేట, నిజాంసాగర్ కట్టించిండు అని ఒకరు. రజాకార్ల సంగతేందని ఇంకొకరు. రెండూ నిజమే. మన లెక్క మాత్రం వేరే. వాడకు ఏమొచ్చింది?

దానికి ముందు ఒకసారి రష్యా పోయి వద్దాం. అక్కడ జార్ రెండో అలెగ్జాండర్ 1855లో రాజైండు. క్రిమియా యుద్ధంలో రష్యా ఓడింది. కింది నుంచి తిరుగుబాటు వచ్చేదాకా ఆగే బదులు పైనుంచి మనమే బానిసత్వం తీసేద్దామని దొరలకు నచ్చచెప్పిండు. చూడుండ్రి, దయ కంటె భయం ఎక్కువ! 1861లో దొరల కింద ఉన్న 2 కోట్ల 30 లక్షల మంది అర్ధబానిసలను విడుదల చేస్తూ ప్రకటన వచ్చింది. ఇక వాళ్ళను అమ్మరు, కొనరు. పెండ్లికి దొర సెలవు అక్కర లేదు. ఇది చిన్న పని కాదు, ఒప్పుకోవాలె.

మరి భూమి? తరతరాలుగా దున్నిన భూమికి రైతే ధర కట్టాలె. సర్కారు దొరలకు పెద్ద భాగం ముందే ముట్టజెప్పింది. రైతులు 49 ఏండ్లు కిస్తీలు కట్టాలని రాసింది. మంచి చెలకలు, పచ్చికబీళ్ళు కోసుకొని దొరలు ఉంచుకున్నరు. దొర ఇంట్లో చాకిరీ చేసినోళ్ళకు గుంటెడు కూడా రాలేదు. 1905లో పల్లెలు భగ్గుమన్నంకనే ఆ కిస్తీలు రద్దు చేసిండ్రు, 1907 నుంచి ఆగినయి.

కజాన్ దిక్కు బెజ్ద్నా అనే ఊర్ల అంతోన్ పెత్రోవ్ అనే రైతుకు చదువొచ్చు. ఆ ప్రకటన చదివి, ఇందులో మనకు పూర్తి స్వేచ్ఛ ఉంది, దొరలు దాస్తున్నరు అన్నడు. వేలమంది ఆయన ఇంటి ముందు చేరిండ్రు. సైన్యం కాల్చింది, పదుల సంఖ్యలో చచ్చిపోయిండ్రు. పెత్రోవ్‌ను కూడా కాల్చి చంపిండ్రు. ఆయన చదివింది తప్పే కావచ్చు. కాని చదవబోయినందుకు సైన్యమెందుకు రావాలె? విడుదల చేసిన జార్ కూడా 1881లో బాంబు దాడిలో చచ్చిపోయిండు.

ఇగ మన దిక్కు. మా తాత భగేల. పెండ్లికి అప్పు తీసుకున్నడు, తీరక మా నాయిన కూడా అదే గడిలో పాలేరైండు. 1936లో నిజాం సర్కారు భగేలా ఒప్పందాల శాసనం తెచ్చింది. పేరులోనే ఉంది చూడుండ్రి, ఒప్పందమట! ఒకదిక్కు దొర, ఇంకోదిక్కు వేలిముద్ర. రాసేటోడు పట్వారీ, పట్వారీ దొర మనిషి. శాసనం వచ్చిందని మా తాతకు ఎవరూ చెప్పలేదు. వెట్టిచాకిరీని నేరమని రాసిన చట్టం 1976లో గాని రాలేదు.

వాడకు అక్షరం మాత్రం ఫర్మానాతో రాలేదు. భాగ్యరెడ్డి వర్మ గారు 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, తర్వాత ఆది హిందూ బళ్ళు నడిపిండ్రు. మన పిల్లలు తెలుగులో చదివిండ్రు. సర్కారు ఆ బళ్ళను చేతికి తీసుకున్నది ఆ తర్వాతనే. 1947 నవంబరులో బాబాసాహెబ్ అంబేద్కర్, హైదరాబాద్ షెడ్యూల్డ్ కులాలోళ్ళు నిజాం పక్షం పోవద్దని గట్టిగ చెప్పిండు.

1948 సెప్టెంబరులో రాజ్యం పోయింది. 1949లో సర్ఫేఖాస్ సర్కారులో కలిసింది. దానికి బదులు నవాబుకు ఏడాదికి 25 లక్షలు, రాజభరణం 50 లక్షలు, మహళ్ళ ఖర్చుకు ఇంకో 25 లక్షలు. జాగీర్దార్లకూ పరిహారం దక్కింది. తాతముత్తాతల నుంచి పనిచేసిన భగేలకు ఏమిచ్చిండ్రు? జార్ దగ్గర చూసిన లెక్కే ఇది. నిజాం 1967లో పోయిండు, ఆ లెక్క మాత్రం మన పాసు బుక్కుల్లో ఇంకా ఉంది.

తర్వాత సర్కార్లు బంచరాయి పంచి పట్టాలిచ్చినయి. పేదలకిచ్చిన ఆ భూమిని కొనొద్దు, అమ్మొద్దని 1977లో 9వ నెంబరు చట్టం వచ్చింది. అయినా సాగర్ రోడ్డు పొడుగునా ఎన్ని పట్టాలు ప్లాట్లయినయో మీకే ఎరుక. అయితే ఒక సంగతి: పట్టా తారీఖు చూడాలె. 1958కి ముందువాటికి, తర్వాతి వాటికి షరతులు వేరు. చాలామంది ఇక్కడనే దెబ్బతింటున్నరు.

వచ్చే తరగతికి ఊర్ల నుంచి వచ్చినోళ్ళు పాత పట్టా, పహాణీ నకళ్ళు, సర్వే నెంబర్లు పట్టుకొని రాండ్రి. చినిగిపోయినా సరే. హాస్టలు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒక్కొక్కరు ఒక్కో ఊరి కాగితాలు ముందేసుకొని గట్టిగ చదివి వినిపియ్యాలె. ఉర్దూ నకళ్ళుంటే విడిగా పెట్టుండ్రి, వాటిని చదివే పెద్దమనిషిని పిలుచుకొద్దాం.