తూకపురాయిలో దాగిన బరువు



అంగడిలోని తూకపురాయి సరియైనదా యని సందేహము కలిగినచో దానిని వేరొక రాతితో సరిచూడవచ్చును. లోకమందలి తూకములన్నిటికిని ఆ రాయియే ఆధారమైనచో సరిచూచుట యెట్లు? 1929లో రసాయనశాస్త్రమునకు ఇట్టి చిక్కే వచ్చినది. అంతవరకు ఆక్సిజన్ పరమాణుభారమును 16గా నెంచి, తక్కిన మూలకముల భారములను దానితో పోల్చి నిర్ణయించుచుండిరి. ఆక్సిజన్ పరమాణువులన్నియు ఒకే బరువు గలవని నాటి విశ్వాసము. అది తప్పని తెలిపినది సూర్యకాంతి.

రెండు పరమాణువులు గల అణువును, తీగచుట్టతో కలిపిన రెండు గుండ్లతో పోల్చవచ్చును. ఒక మూలకపు ఐసోటోపులకు రసాయనగుణములు ఇంచుమించు ఒక్కటే. కావున ఒకదానికి బదులు వేరొకటి చేరినపుడు తీగ బిగువు మారదు. గుండు బరువు మాత్రమే మారును. బరువు హెచ్చినకొలది కంపనము మందగించును. వర్ణపటమున రేఖ స్థానము తప్పును. హైడ్రోజన్ క్లోరైడునందు క్లోరిన్ 35కు బదులు 37 చేరినచో ఈ మార్పు పదివేలలో 7 లేక 8 పాళ్ళు మాత్రమే. 1919లో ఎల్మర్ ఐమ్స్ తీసిన ఆ వాయువు పరారుణపటమున రేఖలు జంటలై కనబడినవి. మరుసటి యేట లూమిస్, క్రాట్జర్ వేరువేరుగా దీనికి కారణము ఐసోటోపులే యని చూపిరి.

ఇక ఆక్సిజన్ సంగతి. సూర్యకాంతి వాయుమండలమును దాటునపుడు ఆక్సిజన్ అందు కొంత గ్రహించుటచే, సౌరవర్ణపటపు ఎరుపు భాగమున నల్లని పట్టీ యేర్పడును. దాని చెంత డీకే, బాబ్‌కాక్‌లు 1927లో కొన్ని సన్నని రేఖలను గుర్తించి ప్రకటించిరి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున జియోక్, జాన్‌స్టన్‌లు 1929లో లెక్క కట్టి, అవి 16, 18 కూడిన అణువువని నిరూపించిరి. వేరొక సాక్ష్యమును కలదు. రెండు కేంద్రకములును ఆక్సిజన్ 16వే యైనచో భ్రమణస్థాయిలలో ఒకటి విడిచి ఒకటి లోపించును; ఈ క్రొత్త పట్టీలో ఆ లోపము లేదు. ఆ యేడే ఆక్సిజన్ 17 కూడ బయల్పడినది.

ప్రకృతిలోని ఆక్సిజన్‌లో 18 బరువు గలవి వేయింటికి సుమారు రెండే. ఐనను ఫలితము పెద్దది. రసాయనజ్ఞులు సహజమిశ్రమమును 16గా నుంచుకొనిరి. భౌతికశాస్త్రజ్ఞులు ఆక్సిజన్ 16 ఒక్కదానినే ప్రమాణముగా గొనిరి. రెండు కొలతలకును పదివేలలో దాదాపు 3 పాళ్ళ భేదము. ఈ భేదమును లెక్కించి చూచిన బర్జ్, మెంజెల్‌లు 1931లో బరువైన హైడ్రోజన్ ఉండవలెనని సూచింపగా, ఆ సంవత్సరాంతముననే యూరే దానిని కనుగొనెను. కొలతల ద్వంద్వము మాత్రము ముప్పది యేండ్లు సాగి, 1960, 1961లలో ఉభయులును కార్బన్ 12ను ప్రమాణముగా అంగీకరించుటతో ముగిసినది.

ఆంధ్రులకు ఈ విద్య క్రొత్తది కాదు. వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు ఆచార్య కె. రంగధామరావు నెలకొల్పిన వర్ణపటశాస్త్ర సంప్రదాయమున ద్విపరమాణుక అణువుల పట్టీల పరిశీలన ముఖ్యమైనది. పట్టీ యే అణువుదో తేల్చుటకు అచట పరిశోధకునకు దొరకు గట్టి సాక్ష్యములలో ఐసోటోపు రేఖ యొకటి. అది యెంత సన్ననిదైనను లెక్కలో చేరవలసినదే.