పాత చీర మడతలు
(తలిదండ్రుల దినోత్సవమున ప్రధానోపాధ్యాయులు గావించిన ప్రసంగము)

 

గత వర్షకాలమున మన వీధిలో వాంతులు, విరేచనములు ప్రబలినపుడు మూడవ తరగతిలో సగము బల్లలు వట్టివై యుండెను. ఆ దినములలో ఒక తల్లి మా యొద్దకు వచ్చి, "అయ్యవారూ, పెద్ద పెద్ద యూనివర్సిటీల్లో ఏవేవో కనిపెడుతున్నారంటారు గదా, అవి మా బిందెలో నీళ్ళకేమైనా పనికొస్తాయా?" అని యడిగినది. మేము ఇంటర్మీడియెట్టుతో చదువు చాలించినవారము. విశ్వవిద్యాలయపు గడప త్రొక్కి యెరుగము. అపుడు బదులు చెప్పలేకపోతిమి. నేడు చెప్పెదము.

అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయమునకు చెందిన రీటా కాల్వెల్ అను విదుషీమణి కలరా క్రిమినిగూర్చి దశాబ్దములు పరిశోధించిరి. వ్యాధి లేని కాలమున ఆ క్రిమి యెచట దాగును? అది నీటిలోనే యుండుననియు, అందు తేలియాడు రొయ్యజాతి సూక్ష్మజీవుల నంటిపెట్టుకొని బ్రతుకుననియు ఆమెయు, సహచరులును కనుగొనిరి. క్రిమి బట్టకు చిక్కనంత చిన్నది. దానిని మోయు జీవి యంతకంటె ఎంతో పెద్దది. బండిని ఆపినచో ఎక్కినవాడును ఆగును గదా!

ఆపుట యెట్లు? కాచిన నీరు మేలే. కాని పొరుగుదేశమగు బంగ్లాదేశపు పల్లెలలో వంటచెరకునకే కరవు. అయితే అచటి స్త్రీలు ఇంట చేసిన పానీయములను చీరతో వడగట్టుట పరిపాటి. పరిశోధకులు ఆ చీరనే పరీక్షకు పెట్టిరి. పాత నూలు చీరను నాలుగు మడతలకు తక్కువ గాకుండ మడచినచో దాని రంధ్రములు సుమారు 20 మైక్రాన్లకు, అనగా మిల్లీమీటరులో యాబదవ వంతునకు, దిగును. క్రొత్త చీరకంటె పాతదియే మేలని తేలినది. ఉతికినకొలది నూలు పోగులు విడి సందులను కప్పునట!

1999 మొదలు 2002 వరకు మత్లబ్ ప్రాంతమున 65 గ్రామములలో, సుమారు 1,33,000 జనుల నడుమ దీనిని పరీక్షించిరి. కొందరికి చీర, కొందరికి నైలాను వల. మిగిలినవారు పూర్వపురీతినే యుండిరి. వడగట్టని పల్లెలతో పోల్చగా, చీర వాడిన పల్లెలలో కలరా నూటికి 48 వంతులు తక్కువగా నుండెను. అయిదేండ్ల పిమ్మట మరల పోయి చూడగా నూటికి 31 మంది స్త్రీలు ఇంకను నీటిని వడగట్టుచుండిరి. మాకు ఈ లెక్కయే ఎక్కువ ముచ్చట గొల్పినది. మిగిలినవారు మానిరన్నదియు మరువరాదు.

ఒక హెచ్చరిక. విడిగా తిరుగు క్రిములు, నీట కరగిన విషములు చీరకు చిక్కవు. పొయ్యియు గ్యాసును గల మన యిండ్లలో నీటిని కాచియే త్రాగవలెను.

ఇక మీలో కొందరి ప్రశ్న: ఇంట తెలుగు, అంగడిలో తమిళము, పై చదువునకు ఆంగ్లము, నడుమ తెలుగులో సైన్సు ఏల? ఈ యేడు ఆరవ తరగతిలో పదునొకండుగురే మిగిలిరి, కావున మాకును ఈ ప్రశ్న రాత్రులందు నిదుర రానీయకున్నది. మడత, పోగు, సందు, వడకట్టు: నేడు మేము వాడిన మాటలలో ముఖ్యమైనవి బడిలో నేర్పినవి కావు, తల్లులు ఇంట నేర్పినవి. వానితోనే ఇంత చెప్పగలిగితిమి.

వచ్చు శనివారము ఉదయము బడిలో సూక్ష్మదర్శిని క్రింద చెరువు నీటిని, వడగట్టక మునుపును పిమ్మటను, చూపెదము. ఆ తల్లి తన బిందె నీటిని తెచ్చెదనన్నది. పాత నూలు చీర ముక్క యున్నవారు తెండు. పట్టుచీరలు మాత్రము పెట్టెలోనే యుండనిండు.